సున్నా సీట్ల కళాశాల

మా కళాశాల పదకొండేళ్ళు వరసగా కబడ్డీలో ఓడిపోయింది. అందువల్లనే అది చదువులో అంత గొప్పదయింది. ఈ రెంటికీ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కాని నేను అడ్మిషన్ల విభాగం సూపరింటెండెంటును. అనిపించినవన్నీ పైకి అనే ఉద్యోగం కాదు నాది.

మా ఊరు కొత్తలంకపేట. ఊరి మధ్యనుంచి పెద్ద కాలువ పోతుంది. కాలువకు తూర్పున ఐదు డిగ్రీ కాలేజీలు, పడమట ఐదు. అటువాళ్ళది పడమటి గట్టు క్రీడా కూటమి, మాది తూర్పు గట్టు క్రీడా కూటమి. ఏటా కార్తీకంలో రెండు గట్ల విజేతలూ ఆడపిల్లల కబడ్డీలో తలపడతారు. గెలిచినవాళ్ళకు కాలువ కప్పు ఇస్తారు. తూర్పున ఎప్పుడూ మేమే గెలుస్తాం. ఆ తర్వాత పడమటి వాళ్ళ చేతిలో చిత్తుగా ఓడి, బస్సులో మాట్లాడుకోకుండా ఇంటికి వస్తాం.

పదకొండో ఓటమి మర్నాడు మా ప్రిన్సిపాల్ డాక్టర్ చయనులు గారు స్టాఫ్ మీటింగు పెట్టారు. తిడతారనుకుని అందరం తలలు వంచుకు కూర్చున్నాం. ఆయన ముఖం మాత్రం పెళ్ళివారి ముఖంలా కళకళలాడుతోంది. చేతిలో ఒక కాగితం ఉంది.

"కండబలం విషయమై పడమటి గట్టువారు మనకన్నా ఒక మెట్టు పైన ఉండవచ్చును. కాని విద్యాప్రమాణాల దృష్ట్యా పరిశీలించినచో స్థితి తారుమారు అగుచున్నది. గత సంవత్సరం మన కూటమి కళాశాలలు ప్రతి నూరు దరఖాస్తులకు అరవై రెండు సీట్లు మాత్రమే ఇచ్చినవి. వారు ఎనభై ఒకటి ఇచ్చినారు. అనగా మన గుమ్మం ఎక్కడం వారి గుమ్మం ఎక్కడం కంటే కష్టం. కావున మనం గొప్ప" అన్నారు.

నిజానికి ఆ మిగతా ముప్పై ఎనిమిది మందిని మేము కాదనలేదు. ఫారం పెట్టి, మా హాస్టల్ చూసి, వాళ్ళే వేరే ఊళ్ళో చేరిపోయారు. ఆ సంగతి నా రిజిస్టర్లో ఉంది. నన్నెవరూ రిజిస్టరు అడగలేదు.

మా ఫిజికల్ డైరెక్టరు పోతురాజు మాస్టారు మాత్రం లేచారు. "మరి కప్పు సంగతేటండి?"

"కప్పు లోహం, మాస్టారూ. శాతం శాశ్వతం" అన్నారు ప్రిన్సిపాల్ గారు. అందరం చప్పట్లు కొట్టాం. పోతురాజు మాస్టారు కూడా కొట్టారు, కాస్త ఆలస్యంగా.

ఆ శాతాల పట్టిక పేపరు జిల్లా ఎడిషన్లో పడింది. పడమటి గట్టు భగ్గుమంది. మరుసటి ఏడు వాళ్ళు సగానికి పైగా సీట్లు తగ్గించుకుని, నూటికి ముప్పై మందినే చేర్చుకున్నామని కాలువ వంతెన మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ మొహం మా గట్టు వైపే ఉంది.

మా కళాశాలలో వెంటనే 'తిరస్కృతుల పెంపుదల ఉపసంఘం' ఏర్పాటయింది. నన్ను కన్వీనరును చేశారు. ప్రిన్సిపాల్ గారు నాకు సూత్రం వివరించారు. "తమ్మిరాజు గారూ, సీట్లు తగ్గించడం మోటు పద్ధతి. కాదనిపించుకునేవారిని పెంచడమే శాస్త్రీయం."

ఫారాలు ఉచితం చేశాం. బస్సు టిక్కెట్టుతో ఒకటి, రేషను బియ్యంతో ఒకటి, జాతరలో పులిహోర పొట్లానికి చుట్టి ఒకటి. మార్కుల గడి ఖాళీగా ఉన్నా తీసుకున్నాం. పింఛన్ల వరసలో ఉన్న ముసలివాళ్ళ చేత వేలిముద్రలు వేయించాం. కాదనడానికి వాళ్ళంత యోగ్యులు దొరకరు.

పది రోజులకు సింహాచలం మామ్మ నా బల్ల ముందు నిలబడింది. చేతిలో మా ఉత్తరం ఉంది. "మీ దరఖాస్తును మా నిపుణుల సంఘం కూలంకషంగా పరిశీలించినది. మీవంటి ప్రతిభావంతులను నిరాకరించవలసి వచ్చినందులకు చింతిస్తున్నాము" అని ఉంది అందులో. ఎవరో చదివి చెప్పారట.

"పింఛను ఆపేశారా నాయినా?" అంది.

"లేదు మామ్మా. డిగ్రీలో సీటు రాలేదు, అంతే."

మామ్మ ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మా ఎదురింటి అప్పాయమ్మకొచ్చిందా?"

"ఆవిడకీ రాలేదు."

"అయితే పర్లేదు" అని ఉత్తరం మడిచి బొడ్డులో దోపుకుని వెళ్ళిపోయింది.

ఊళ్ళో మా ఉత్తరాలకు గౌరవం పెరిగింది. పెళ్ళిచూపుల్లో "మా వాణ్ణి తూర్పు గట్టు పెద్ద కాలేజీ కాదందండి" అని పిల్లాడి తరఫువారు మీసం మెలేస్తే, "మా అమ్మాయిని రెండుసార్లు కాదందండి" అని పిల్ల తరఫువారు అనేవారు. ఒకాయన మా ఉత్తరానికి ఫ్రేము కట్టించి షాపులో కాలెండరు పక్కన పెట్టాడు. ఆ ఏడాది మేము నూటికి ఇద్దరిని చేర్చుకున్నాం.

పడమటివాళ్ళు ఊరుకుంటారా? ఫారం పెట్టేదాకా ఆగడమెందుకని ఓటర్ల జాబితా తెప్పించుకుని, రెండు మండలాల జనాన్ని ముందస్తుగా తిరస్కరించేశారు. పోస్టుమాన్ సెలవు పెట్టి పారిపోయాడు. మేమూ అదే జాబితా తెచ్చి ఒక్కొక్కరినీ బీఏకి ఒకసారి, బీకామ్‌కి ఒకసారి, బీయస్సీకి ఒకసారి కాదన్నాం.

మూడో ఏడు ఆషాఢంలో చయనులు గారు మళ్ళీ మీటింగు పెట్టారు.

"సున్నాను ప్రపంచానికి ఇచ్చింది మన దేశం. దాన్ని అడ్మిషన్లలో అమలుపరచే భాగ్యం మన గట్టుకు దక్కాలి. ఈ సంవత్సరం ఎవరినీ చేర్చుకోరాదని గౌరవ పాలకవర్గం తీర్మానించినది."

లెక్కల లెక్చరరు చెయ్యెత్తాడు. "సార్, సున్నాకి కిందికి వెళ్ళలేమా? ఉన్నవాళ్ళను పంపేస్తే మైనస్ వస్తుంది కదండీ!"

ప్రిన్సిపాల్ గారు కుర్చీలోంచి లేచి అతన్ని కౌగలించుకున్నారు. ఆ వారంలోనే పాత విద్యార్థులందరినీ మళ్ళీ కొత్తగా దరఖాస్తు పెట్టమన్నాం. పెట్టారు. కాదన్నాం. పోతురాజు మాస్టారి కబడ్డీ పిల్లలు ఏడుగురూ టీసీలు పట్టుకుని గేటు దాటుతుంటే ఆయన గ్రౌండులో బరి గీతల మీద సున్నం చల్లుతూ నిలబడ్డారు. ఆ గీతలు పొద్దున్నే చల్లినవి. మళ్ళీ చల్లవలసిన అవసరం లేదు.

మాది ఎయిడెడ్ కళాశాల కనుక ఉద్యోగాలకేమీ ఢోకా లేదు. టైముకి బెల్లు కొట్టేవారు. నలభై రెండుమంది లెక్చరర్లూ తరగతులకు వెళ్ళి, బోర్డు తుడిచి, నలభై ఐదు నిమిషాలు నిలబడి వచ్చేవారు. ఏదో తనిఖీ బృందం వచ్చి చూసి, 'ఆవరణ ప్రశాంతం, క్రమశిక్షణ అద్భుతం, గోడలపై రాతలు లేవు' అని రాసి మంచి గ్రేడు ఇచ్చింది. తెలుగు లెక్చరరు పేరిందేవి మేడం మాత్రం రోజూ నా గదికి వచ్చి, "ఒక్కరైనా వస్తారంటారా తమ్మిరాజు గారూ?" అని అడిగేవారు. నేను ఫైలు చూస్తున్నట్టు నటించేవాణ్ణి.

మేము సున్నా ప్రకటించిన రోజే పడమటివాళ్ళూ సున్నా ప్రకటించారు. వాళ్ళు కూడా ఉన్నవాళ్ళను పంపేశారు. మా గట్టు మిగతా నాలుగు కాలేజీలూ మా దారే పట్టాయి. పోటీ సమానమైంది కాబట్టి ఎవరు ఎక్కువమందిని కాదన్నారన్నదే ఇక తేలవలసిన సంగతి. మా దరఖాస్తులు లక్షా ఎనభై నాలుగు వేలు దాటాయి. ఒక్క చిక్కు ఉంది. దరఖాస్తు అందిన ముప్పై రోజుల్లోగా తిరస్కరణ ఉత్తరం పంపకపోతే, సదరు అభ్యర్థికి సీటు ఇచ్చినట్లే భావించాలని యూనివర్సిటీ వారి పాత సర్క్యులరు ఉంది. అందుకని ప్రతి ఉత్తరమూ నేనే స్వయంగా చూసి పంపాలని ప్రిన్సిపాల్ గారి ఆజ్ఞ. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో నేను ఒక్క కాగితం పోగొట్టలేదు. అందుకే నాకు అప్పగించారు.

ఫారాలు తీసుకునే చివరి రోజున ఒక అమ్మాయి వచ్చింది. పొడుగ్గా, బక్కగా ఉంది. మోకాలికి పాత దెబ్బ మచ్చ. చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చింది. పేరు నూకరత్నం. కాలువ దిగువన పల్లిపాలెం నుంచి వచ్చింది.

"ఫారం కావాలండి."

"దారిలో ఎక్కడా ఇవ్వలేదా?" అన్నాను. ఆ రోజుల్లో మా ఫారం అందకుండా మా ఆఫీసు దాకా నడవడం కష్టం.

"ఇచ్చారండి. మూడిచ్చారు. అయ్యి ఉత్తుత్తి ఫారాలంట కదండి. నాకు నిజంది కావాలండి."

"అన్నీ ఒకటేనమ్మా."

"ఎన్ని మార్కులొస్తే సీటిస్తారండి?"

"ఎన్ని వచ్చినా ఇవ్వం."

ఆ పిల్ల నవ్వింది, నేను హాస్యమాడాననుకుని. తర్వాత నా ముఖం చూసి నవ్వు మానేసింది. "నాకు తొమ్మిదొందల పన్నెండొచ్చాయండి. జిల్లా టీముకి కబడ్డీ ఆడానండి. కూతకెళ్తే ఉట్టి చేతుల్తో రానండి."

"పడమటి గట్టున అడిగావా?"

"అడక్కుండానే కాదన్నారండి. ఓటర్ల లిస్టులో మా అమ్మ పేరుందంట. ఆవిడతో పాటు నన్నూ కొట్టేశారండి." తనే మళ్ళీ చెప్పింది. "మా అమ్మ వినాయక చవితి దాకా చూస్తానందండి. సీటొస్తే చదివిత్తదంట. రాపోతే రొయ్యల కంపెనీ బస్సెక్కేయమందండి. నాతో చదివినోళ్ళందరూ ఎక్కేశారండి. పొద్దుగూకులూ ఐసులో చేతులెట్టి రొయ్యలొలవాలండి. మా అక్క గోళ్ళు ఊడిపోయాయండి."

ఫారం ఇచ్చాను. అక్కడే నిలబడి గుండ్రటి అక్షరాలతో నింపింది. 'చేరదలచిన కోర్సు' అన్నచోట బీఏ తెలుగు అని రాసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకెవరి మీదో అనుకున్నాను. చూస్తే 'తిరస్కరించడమైనది' అన్న రబ్బరు స్టాంపు నా చేతిలోనే ఉంది.

నేను పోతురాజు మాస్టారికి చెప్పాను. ఆయన ఫారం చూసి, నన్ను లాక్కుని ప్రిన్సిపాల్ గారి గదికి పరుగెత్తారు.

"సార్, పడమటోళ్ళకి ఈ ఏడు ఒక్క పిల్ల లేదండి. టోర్నమెంటు రూలు ప్రకారం బరిలో ఒక్కరున్నా టీమేనండి. వరదల ఏడాది పెట్టుకున్న రూలు, ఇంకా తీయలేదు. ఈ పిల్లని తీసుకుంటే కప్పు మనదే. ఇన్నేళ్ళకి సార్!"

చయనులు గారు కళ్ళు మూసుకున్నారు. ఆయన నిజంగానే మథనపడ్డారని నేను సాక్ష్యం చెప్పగలను. కప్పు కోసం ఆయన పడిన అవమానాలు తక్కువవి కావు. వియ్యంకుడు పడమటి గట్టువాడు.

"మాస్టారూ, కప్పు ఏటా వస్తుంది. సున్నా మళ్ళీ రాదు. ఆ బాలికకు నా సానుభూతి తెలియజేయండి. ఉత్తరంలో 'చింతిస్తున్నాము' బదులు 'మిక్కిలి చింతిస్తున్నాము' అని టైపు చేయించండి" అన్నారు.

టైపు చేయించాను. కవరు మీద అడ్రసు నేనే రాశాను. లక్షా ఎనభై నాలుగు వేల ఉత్తరాలు గోనెసంచుల్లో పోస్టాఫీసుకు వెళ్ళాయి. ఒకటి నా సొరుగులో, పాత కార్బన్ కాగితాల కింద పడుకుంది. తర్వాత టీ తాగుతూ చొక్కా మీద ఒలకబోసుకున్నాను.

ప్రతి సోమవారం నూకరత్నం వచ్చేది. "ఉత్తరం రాలేదండి. అందరికీ వచ్చేశాయండి. నా ఒక్కదానికే రాలేదండి."

"రాకపోతే మంచిదే."

"అదేటండీ? కాదన్నారని కూడా చెప్పరేటండీ నాకు?" అని ఒకసారి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మాకు అలవాటైపోయిన ఆ ఉత్తరం కూడా తనకు దక్కలేదని ఏడ్చింది. సర్క్యులరు సంగతి ఆ పిల్లకు చెబితే ఊరంతా తెలుస్తుంది, ఊరికి తెలిస్తే ప్రిన్సిపాల్ గారికి తెలుస్తుంది. నోరు కట్టేసుకుని కూర్చున్నాను. వాళ్ళమ్మ అప్పటికే రొయ్యల కంపెనీ మేస్త్రీకి మాట ఇచ్చిందట.

చవితికి రెండు రోజుల ముందు ముప్పై ఒకటో రోజు వచ్చింది. ఉదయం పదిన్నరకు సొరుగు తీసి, ఉత్తరాన్ని సర్క్యులరుతో కలిపి గుండుసూది గుచ్చి ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. "తమ్మిరాజు గారూ, ఇది ఏమిటి?"

"పొరపాటండి."

"ఇరవై ఏడేళ్ళలో మీరు పొరపాటు చేయగా నేను చూడలేదు."

"అలవాటు లేక ఇలా జరిగిందండి."

లెక్కల లెక్చరరును పిలిపించారు. అతను కాగితం మీద భాగహారం చేసి, మా శాతం ఇప్పుడు సున్నా పాయింటు సున్నా సున్నా సున్నా ఐదు అని చెప్పాడు. చయనులు గారు చివరి అంకె వినగానే కుర్చీలో వాలిపోయారు. నీళ్ళు చల్లాం. లేచాక యూనివర్సిటీకి ఫోన్ చేశారు. రూలు రూలేనని వాళ్ళన్నారు. మధ్యాహ్నం నేను సైకిలెక్కి పల్లిపాలెం వెళ్ళి, సీటు కాగితం నూకరత్నం వాళ్ళమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుని అందుకుని, "ఇదీ కాదన్న కాయితమేనాండి?" అని అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను.

కార్తీకంలో ఫైనల్సు జరిగాయి. పడమటి గట్టువారు బాజాభజంత్రీలతో, పెద్ద అట్టసున్నా ఒకటి పల్లకిలో పెట్టుకుని వచ్చారు. ఆటగాళ్ళు లేరు. ఆటగాళ్ళు లేకపోవడమే వాళ్ళ ఘనత. మా తరఫున నూకరత్నం ఒక్కతే బరిలోకి దిగింది. పోతురాజు మాస్టారు ఎన్నేళ్ళ కిందటిదో పాత ఈల మెళ్ళో వేసుకుని గీత పక్కన గొంతుక్కూర్చున్నారు.

"అవతల ఎవరూ లేరమ్మా. ఊరికే నిలబడు చాలు, గెలిచినట్టు రాసేస్తాను" అన్నాడు రిఫరీ.

"లేదండి. కూతకెళ్ళాలండి" అంది.

వెళ్ళింది. ఖాళీ బరిలో కబడ్డీ కబడ్డీ అంటూ ఆ మూల నుంచి ఈ మూలకు వంగి, కాలు చాచి, ఎవరో పట్టుకోబోతే తప్పించుకున్నట్టు మెలితిరిగి, ఊపిరి తెగకుండా గీత దాటి వెనక్కి వచ్చింది. రెండు గట్ల జనమూ ఒక్కసారి లేచి ఈలలు వేశారు. పోతురాజు మాస్టారు నేలమీద పడి దొర్లారు. ఆయన తెల్ల ప్యాంటు మళ్ళీ తెల్లబడలేదు.

కప్పు తీసుకునేటప్పుడు చయనులు గారు దాన్ని కండువా కింద దాచుకున్నారు. పడమటి ప్రిన్సిపాల్ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి, "పాపం, ఒకరు చేరిపోయారటగా! ధైర్యంగా ఉండండి" అని ఓదార్చి వెళ్ళాడు.

మర్నాడు నాకు చార్జి మెమో వచ్చింది. 'ఒక విద్యార్థినిని కళాశాలలో చేర్చుటకు కారకుడై సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించినందులకు మీపై చర్య ఎందుకు తీసుకొనరాదో ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.' ప్యూను పుస్తకంలో సంతకం పెట్టాను. ఇంకో మూడేళ్ళలో రిటైరవుతాను. ఏం రాయాలా అని ఆలోచిస్తూ వరండాలో నడిచాను.

బీఏ మొదటి సంవత్సరం గదిలో నూకరత్నం మొదటి బెంచీ మీద కూర్చుని ఉంది. మిగతా యాభై తొమ్మిది బెంచీలూ ఖాళీ. కిటికీల దగ్గర కెమిస్ట్రీ ఆయన, కామర్సు ఆయన, ఇంకో పదిమంది లెక్చరర్లు తమ తమ పుస్తకాలు చంకన పెట్టుకుని, తమ పీరియడ్ ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉన్నారు. పేరిందేవి మేడం కొత్త హాజరుపట్టీ తెరిచి, కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"ఒకటి" అన్నారు.

"ప్రెజెంట్ మేడం" అని లేచి నిలబడింది నూకరత్నం.

మేడం టిక్కు పెట్టలేదు. పట్టీలో ఉన్న ఆ ఒక్క పేరు మీద వేలు పెట్టారు.

"ఒకటి" అన్నారు మళ్ళీ.

"ప్రెజెంట్ మేడం" అంది ఆ పిల్ల, ఈసారి ఇంకాస్త గట్టిగా.